శ్వాసయా? నాడియా? – రోగిని కనిపెట్టు విధానము

ఆసుపత్రిలో వైద్యుడు ఒక్కొక్క రోగియొద్ద గడుపు కాలము స్వల్పము. తక్కిన కాలమంతయు రోగిని కనిపెట్టియుండునది నర్సు. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల నెలకొన్నది. ఇట్టి బోధనాసుపత్రులలో శిక్షణ పొందు నర్సు విద్యార్థులు మొట్టమొదట నేర్వవలసిన పనులలో రోగి శ్వాసను, నాడిని లెక్కించుట, ఉష్ణోగ్రతను కొలుచుట ముఖ్యమైనవి. చూచుటకిది చిన్న పనియే. కాని శ్వాసను నమ్మవలెనా, నాడిని నమ్మవలెనా యను ప్రశ్నపై 19వ శతాబ్ది చివర హైదరాబాదులో గొప్ప వివాదమే జరిగినది.

1847లో ఎడింబరో నగర వైద్యుడు జేమ్సు సింప్సను శస్త్రచికిత్సలందు నొప్పి తెలియకుండుటకు క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. కొలది వారములకే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనరు అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై ఈ మందును పీల్చి నిమిషములలో మరణించెను. ఆరోగ్యవంతురాలైన బాలిక ఏల చనిపోయెను? మొదట ఆగినది శ్వాసయా, హృదయమా? శ్వాసయే అయినచో ఊపిరిని గమనించిన చాలును. హృదయమే అయినచో వేలు నాడిపైనుండి తీయరాదు.

ఆనాడు సిద్దిపేట ప్రాంతము నిజాము రాజ్యములోనిది. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డు లారీ ఎడింబరోలో చదివినవాడు. శ్వాసను గమనించిన చాలుననునది అతని దృఢవిశ్వాసము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడెను. దాని నిర్ణయమును లండనులోని ‘లాన్సెట్’ వైద్య పత్రిక సందేహింపగా, నిపుణుని పంపుటకై నిజాము 1,000 పౌనులిచ్చెను. 1889లో లాడరు బ్రంటను హైదరాబాదు వచ్చెను. రెండవ కమిషను కుక్కలు, కోతులు మొదలగు జంతువులపై అనేక ప్రయోగములు చేసెను. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ కార్యములో పాల్గొన్నది. మందు మోతాదు మించినప్పుడు మొదట శ్వాస నిలుచును, పిదపనే హృదయము నిలుచునని కమిషను తేల్చెను.

అయినను వివాదము తీరలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగములు చేసి మరియొక సంగతి కనుగొనెను. క్లోరోఫారము కొద్దిగా మాత్రమే ఎక్కియున్నప్పుడు రక్తములో అడ్రినలిను చేరినచో, హృదయపు జఠరికలు క్రమము తప్పి గిజగిజలాడి హఠాత్తుగా నిలిచిపోవును. భయము, నొప్పి కలిగినప్పుడు మన శరీరమే అడ్రినలినును విడుదల చేయును. కాబట్టి మరణమునకు రెండు దారులు గలవు. హైదరాబాదులో కనుగొన్నది సత్యమే. అది సత్యములో ఒక భాగము. ‘ఇది యొక్కటే చాలును’ అనుటలోనే పొరపాటున్నది.

క్లోరోఫారము ఇప్పుడు శస్త్రచికిత్సలలో వాడుకలో లేదు. కాని ఆ పాఠము నేటికిని వార్డులో పనికివచ్చుచున్నది. విశ్రాంతిగానున్న పెద్దవారికి నిమిషమునకు శ్వాస 12 నుండి 20, నాడి 60 నుండి 100 వరకు సామాన్యముగా నుండును. నాడిని బొటనవ్రేలితో చూడరాదు. ఆ వ్రేలిలోని సొంత నాడి మోసపుచ్చవచ్చును. శ్వాసను లెక్కించుచున్నట్లు రోగికి తెలియనీయరాదు. ఏలయన ఊపిరి కొంతవరకు మన యిచ్ఛకు లోబడును. గమనించుచున్నారని తెలియగానే దాని గతి మారును. అందుచే అనుభవము గల నర్సు నాడి చూచుట ముగిసినను మణికట్టును వదలక, అదే భంగిమలో రొమ్ము కదలికలను నిండు నిమిషము లెక్కించును.

ఈ అంకెలను కలిపి చూచుటకు 2012లో బ్రిటనులోని రాజవైద్య కళాశాల ఒక పద్ధతిని ప్రకటించి, 2017లో దానిని సవరించెను. సహజస్థితికి ఎంత దూరమైన అన్ని మార్కులు. ఒక రోగికి శ్వాస 22, నాడి 104, ఉష్ణోగ్రత 38.4 సెంటీగ్రేడు డిగ్రీలు, రక్తపీడనము పై అంకె 108 ఉన్నవనుకొనుడు. తెలివి బాగుగనే యున్నది. రక్తములో ఆక్సిజను 96 శాతము. విడివిడిగా చూచిన ఏ అంకెయు భయపెట్టదు. కాని శ్వాసకు 2, నాడికి 1, ఉష్ణోగ్రతకు 1, రక్తపీడనమునకు 1 – మొత్తము 5. ఈ పద్ధతిలో 5 వచ్చినచో వైద్యుని వెంటనే పిలువవలెను. రోగకారక క్రిములు రక్తమును విషపూరితము చేయుచున్న తొలిదశ ఇట్లుండవచ్చును. తెల్లవారువరకు ఆగుట ప్రాణాపాయము.

యంత్రమొక్కటే చాలునా? వ్రేలికి తగిలించు ఆక్సిజను కొలమానము మంచి సాధనమే. అయితే శస్త్రచికిత్స తరువాత నొప్పి తగ్గుటకు మార్ఫీను తీసుకొని, ఆక్సిజను పీల్చుచున్న రోగిని తలచుకొనుడు. మార్ఫీను మెదడులోని శ్వాసకేంద్రమును మందగింపజేయును. శ్వాస నిమిషమునకు 8కి దిగినను, బయటినుండి వచ్చు ఆక్సిజను వలన యంత్రము 97 చూపవచ్చును. అంతలో బొగ్గుపులుసు వాయువు రక్తములో పేరుకొని రోగి మగతలోనికి జారును. ఇచట యంత్రముకన్న, గడియారము చూచుచు ఊపిరి లెక్కించు నర్సు కన్నే ముందు పసికట్టును.

అంకె అనుమానాస్పదముగా నున్నప్పుడు విద్యార్థి చేయవలసిన పని క్లుప్తము. రోగిని ఒంటరిగా విడువక మరల లెక్కింపవలెను. ఆలస్యము చేయక పై నర్సును పిలువవలెను. ‘రోగి బాగులేడు’ అనక, ‘శ్వాస 8, గంట క్రిందట 16’ అని చెప్పవలెను. కాలముతో సహా వ్రాయవలెను. ముందు పూటవారి అంకెనే చూచి ఊహతో వ్రాయుట అన్నిటికన్న అపాయకరము. అట్టి అంకె రోగి మార్పును కప్పివేయును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. విద్యార్థులను జంటలుగా కూర్చుండబెట్టి, మొదట చెప్పి ఒక నిమిషము, పిదప నాడి చూచు నెపమున చెప్పక ఒక నిమిషము శ్వాసను లెక్కింపజేయవలెను. రెండు అంకెలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసినచో, నర్సు మణికట్టును ఏల వదలదో పిల్లలకే బోధపడును.