గాలానికి గొరక.. కుండలో పులుసు
తొలి వరదలో గుడ్ల చేపను వదిలితేనే మరుసటి ఏడాదికి మిగులు

తొలకరి పలకరించి పంట బోదెలు నిండాయంటే చాలు, కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ గట్లపై గాలపు కర్రలు బారులు తీరుతాయి. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి ఏడాది పొడవునా సంతలో దొరుకుతాయి. ఎవరూ పెంచకుండానే బోదెల్లో, మురుగు కోడుల్లో, ఊరి కుంటల్లో పెరిగే గొరక, పరిగె వంటి చిన్న చేపల రుచి వేరు. అరచేతి పొడవుకు మించని ఈ చేపలు పేదవాని కంచానికి పైసా ఖర్చులేని పోషకాహారం. అవి నానాటికీ తగ్గిపోతుండటమే ఆందోళన కలిగించే విషయం.

పట్టే విధానం
సన్నని వెదురు కర్ర, నైలాను దారం, నెమలీక కాడ లేదా జీలుగు బెండు, చిన్న గాలం ఉంటే సరిపోతుంది. గొరకకు వానపాము ముక్క, పరిగెకు పిండి ముద్ద మంచి ఎర. ఉదయం, సాయంత్రం వేళల్లో తూటికాడ, నాచు అంచున నీడపట్టున గాలం వేయాలి. బెండు నిలువునా మునిగినప్పుడే కర్ర ఎత్తాలి. గొరక మొప్పలపైన, వీపు రెక్కకు పదునైన ముళ్లుంటాయి. తల వైపు నుంచి వెనుకకు నిమురుతూ పట్టుకుంటే చేయి చీరుకోదు. మొప్పలతో పాటు గాలిని పీల్చే అవయవం కూడా ఉన్నందున ఇది నీటి వెలుపల సైతం చాలాసేపు బతుకుతుంది. వాన కురిసిన రాత్రి నేలపై పాకుతూ ఒక కుంట నుంచి మరో కుంటకు చేరుతుంది. కాబట్టి పట్టిన చేపను వేసిన బిందెపై మూత తప్పనిసరి.

వండే విధానం
చేపలను బూడిద, రాళ్ల ఉప్పుతో గరుకు బండపై రుద్దితే పొలుసు, జిగురు పోతాయి. పేగులు తీసేటప్పుడు పిత్తాశయం చితికితే కూరంతా చేదెక్కుతుంది. ఉప్పు, పసుపు, కారం పట్టించి అరగంట ఉంచాలి. మట్టికుండలో ఉల్లి, పచ్చిమిర్చి వేగాక చింతపండు రసం పోసి, అది బాగా మరిగిన తరువాతే చేపలు వేయాలి. పది నిమిషాల్లో ఉడుకుతాయి. గరిటె పెడితే చితికిపోతాయి గనుక కుండను గుడ్డతో పట్టి తిప్పాలి. దించే ముందు మెంతిపొడి, కొత్తిమీర చల్లి, మూడు నాలుగు గంటలు ఊరనిస్తే రుచి పెరుగుతుంది. పరిగెలనైతే పెనంపై కొద్ది నూనెతో, సన్నని మంటపై కరకరలాడేలా వేయించాలి. అప్పుడు వాటిని ముళ్లతో సహా నమిలి తినవచ్చు. ముళ్లలోని కాల్షియం ఒంటికి అందుతుంది. పసిపిల్లలకు మాత్రం ముళ్లు ఏరి పెట్టాలి.

జాగ్రత్తలు
పురుగుమందు చల్లిన చేల నుంచి నీరు దిగే బోదెల్లో చేపలు పట్టరాదు. చచ్చి తేలిన చేపను ఎంత తాజాగా కనిపించినా వండరాదు. కాలువలకు నీరు వదిలిన రోజుల్లో పిల్లలను ఒంటరిగా గట్లపైకి పంపరాదు.

తొలి వరదే కీలకం
వానలు మొదలవగానే గొరక, పరిగె గుడ్లు పెట్టేందుకు నీటికి ఎదురెక్కి పొలాల్లోకి చేరతాయి. ఒక్క తల్లి గొరక వేల గుడ్లు పెడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే తూముల వద్ద మావులు పెట్టి, దోమతెర వలలు అడ్డుకట్టి ఊడ్చేస్తే తల్లితో పాటు సంతానమూ పోతుంది. గాలానికి చిక్కేది ఒక్కొక్క చేపే. దోమతెరకు చిక్కేది రాబోయే ఏడాది పంట. తొలి వరద వచ్చిన కొద్ది వారాలు వలలు పక్కన పెట్టి, పొట్ట ఉబ్బిన చేప గాలానికి తగిలినా తిరిగి నీటిలో వదలడం మేలు. వరికోతల నాటికి అదే బోదెలో దాని పిల్లలు పులుసుకు ఎదిగి వస్తాయి. విత్తనపు గింజను దాచుకోవడం ఎరిగిన రైతుకు ఈ లెక్క కొత్తది కాదు.