తలిదండ్రులు విడిపోయినచో బిడ్డల సంరక్షణ

భార్యాభర్తలు విడిపోయినపుడు బంధువులందరును అడుగు ప్రశ్న యొక్కటే: "పిల్లలు ఎవరికి చెందుదురు?" న్యాయస్థానము అడుగునది వేరు. పిల్లల మేలు ఎవరికడ నున్నదని అది విచారించును. ఈ భేదమును వివరించుటయే మా యుద్దేశము.

ఉదాహరణకు, కోదాడ చెంతనున్న చిలుకూరులో తండ్రి, మిర్యాలగూడలోని పుట్టింట తల్లి యున్నారనుకొందము. నాలుగేండ్ల కూతురు, తొమ్మిదేండ్ల కొడుకు రెండేండ్లుగా తల్లితోనే యున్నారు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినది మొదలు చిలుకూరు సూర్యాపేట జిల్లాలోనిది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనిది. తండ్రి ఎచ్చట దరఖాస్తు చేయవలెను? అన్ని మతములవారికిని వర్తించు 1890 నాటి సంరక్షకుల చట్టము ప్రకారము, పిల్లలు సాధారణముగా నివసించు చోటి న్యాయస్థానమునకే ఆ యధికారము కలదు.

ఐదేండ్లు నిండని బిడ్డ సామాన్యముగా తల్లికడ నుండవలెనని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 6వ సెక్షను చెప్పుచున్నది. అయితే బిడ్డ సంక్షేమమే అన్నిటికంటె ప్రధానమని 13వ సెక్షను శాసించుచున్నది. కావున సంపాదన యొక్కటియే చూచి తీర్పు చెప్పరు. చదువు, ఆరోగ్యము, ఇంటి వాతావరణము, దినదినము బిడ్డను కనిపెట్టుకొనియుండు వారెవరు అనునవి పరిశీలింతురు. కొడుకు తెలిసి చెప్పగలవాడైనచో అతని యిష్టమును గూడ విందురు. కాని అదియే తీర్పు కాదు. పిల్లలు తలిదండ్రుల సొత్తు కారని సుప్రీంకోర్టు 1973లోనే స్పష్టపరచినది.

పిల్లలు తల్లికడ నున్నంత మాత్రమున తండ్రితో బంధము తెగదు. కలిసికొను వేళలను న్యాయస్థానము నిర్ణయించును. ఫోనులోను, వీడియోలోను మాటలాడు అవకాశము గూడ ఉండవలెనని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. "వీలు చూచి పంపెదము" అను మాటలోనే తగవు పుట్టును. ఏ ఆదివారము, ఎన్ని గంటలకు, ఎవరు తీసికొనిపోయి ఎవరు దిగవిడువవలెను, బతుకమ్మ పండుగకు ఎచ్చట, సంక్రాంతికి ఎచ్చట, వేసవి సెలవులలో ఎన్నినాళ్లు అనునవి వ్రాతలో నుండుట మేలు. పిల్లలు ఎదిగి పరిస్థితులు మారినచో ఆ యేర్పాటును మార్చుమని మరల కోరవచ్చును.

ఖర్చులకు డబ్బు పంపలేదని పిల్లలను చూడనీయకుండుట, చూడనీయలేదని డబ్బు మానుట, రెండును పిల్లలకే శిక్ష. ఆదివారము సాయంత్రము తిరిగివచ్చిన పిల్లవానిని "అచ్చట ఏమనుకొనిరి?" అని గ్రుచ్చి గ్రుచ్చి అడుగుటయు అట్టిదే. ముందుగా వానికి అన్నము పెట్టవలెనని మా మనవి.