దగ్గరికొస్తే పరుగే: షాద్‌నగర్ యాంటెన్నా కథ

షాద్‌నగర్‌లో ఏ వాడకు వెళ్లినా డాబాల మీద టీవీ డిష్‌లు కనిపిస్తాయి. బిగించిన రోజున ఎటు తిప్పి నట్లు బిగించారో, ఏళ్ల తరబడి అటే చూస్తుంటాయి. ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఇక్కడే నడుపుతున్న భూకేంద్రంలోని డిష్‌లకు మాత్రం ఆ సుఖం లేదు. ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ క్షితిజం దగ్గర తల తిప్పి, దాని వెంటపడి, పది పన్నెండు నిమిషాల్లో ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు చేరతాయి. రెండు రకాల డిష్‌లూ ఉపగ్రహాల మాటే వింటాయి. మరి ఒకటి కదలదెందుకు, ఇంకొకదానికి కుదురు లేదెందుకు? జవాబు 1619లో అచ్చయిన ఖగోళవేత్త కెప్లర్ పుస్తకంలో ఉంది. బుధుడూ శుక్రుడూ సూర్యుడి చుట్టూ అంత వడిగా ఎందుకు తిరుగుతారో చెప్పిన నియమమే, మూడున్నర శతాబ్దాల తర్వాత ఈ యంత్రం ఎలా ఉండాలో తేల్చింది.

గుంజ దగ్గరి ఎద్దు

కళ్లంలో ఎడ్లను బంతి కట్టి తొక్కించిన తరానికి ఒక సంగతి తెలుసు. నడిమి గుంజ పక్కనున్న ఎద్దు మెల్లగా అడుగులేస్తే చాలు, చివరనున్నది పరుగెత్తాలి. గ్రహాల తీరు దీనికి తలకిందులు. సూర్యుడికి అందరికన్నా దగ్గరున్న బుధుడు సెకనుకు సగటున 47 కిలోమీటర్లు పోతాడు. శుక్రుడు 35, భూమి దాదాపు 30. దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం ఐదున్నర కిలోమీటర్లు కూడా ఉండదు. గ్రహాలను ఒకదానికొకటి కట్టిన తాడేమీ లేదు. ఏ గ్రహానికి ఆ గ్రహం సూర్యుడి వైపు పడుతూ, పడేలోపు పక్కకు జరిగిపోతూ ఉంటుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ లాగుడు ఎక్కువ. అక్కడ సూర్యుడిలో పడకుండా తిరగాలంటే అంత వేగమూ ఉండాల్సిందే.

కెప్లర్ దీన్ని ఒక్క లెక్కలో చెప్పాడు: గ్రహం ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలపు వర్గం, సూర్యుడి నుంచి దాని సగటు దూరపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. కాగితం మీద వేసి చూడండి. భూమి దూరం 1 అనుకుంటే బుధుడి దూరం 0.387. దాన్ని ఘనం చేస్తే 0.058. దాని వర్గమూలం 0.241. సంవత్సరంలో అంత భాగం అంటే 88 రోజులు. బుధుడి ఏడాది సరిగ్గా అంతే. శుక్రుడి 0.723తో ఇదే లెక్క వేస్తే 225 రోజులు వస్తాయి.

బుధుడి కక్ష్య బాగా కోలగా ఉండడంతో ఆ ఒక్క గ్రహంలోనే దగ్గరికొస్తే పరుగనే ఈ పోకడ కనిపిస్తుంది. సూర్యుడికి 4.6 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు 59 కిలోమీటర్లు. 7 కోట్ల కిలోమీటర్ల దూరం పోయాక 39కి తగ్గుతుంది. పైగా సగటున 116 రోజులకోసారి అది భూమిని దాటిపోతుంది. అందుకే కొన్నాళ్లు సాయంత్రం పడమట, మరికొన్నాళ్లు తెల్లవారుజామున తూర్పున కనిపిస్తుంది. సూర్యుడి నుంచి 28 డిగ్రీలకు మించి ఎడంగా ఎప్పుడూ పోదు కనుక, బుధుణ్ణి కళ్లారా చూశామని చెప్పగలిగేవారు తక్కువ. 47 డిగ్రీల దాకా జరగగల శుక్రుడు మాత్రం వేగుచుక్కగా అందరికీ తెలుసు.

కెప్లర్ నియమంలో ఒక లోటుంది. అది నిష్పత్తులే చెబుతుంది. బుధుడి దూరం భూమి దూరంలో 0.387 వంతు అంటుందే గాని, భూమి దూరం ఎన్ని కిలోమీటర్లో చెప్పదు. ఆ కొలత కోసం 19వ శతాబ్దపు ఖగోళవేత్తలు శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటే ఘడియ కోసం కాచుకున్నారు. భూమ్మీద వేర్వేరు చోట్ల నుంచి ఆ దాటు సమయాలను గుర్తిస్తే, వాటి తేడా నుంచి దూరం రాబట్టవచ్చు. 1874 డిసెంబర్ 9న అలా గమనించినవారిలో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల నడిపిన అంకితం వెంకట నరసింగరావు ఒకరు. మామ గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో నెలకొల్పిన వేధశాల అది.

భూమికీ బుధులున్నారు

1687లో న్యూటన్ కెప్లర్ నియమాన్ని సూర్యుడి హద్దు దాటించాడు. నడుమ ఏ బరువైన గోళం ఉన్నా చుట్టూ తిరిగేవాటికి ఇదే లెక్క. భూమి చుట్టూ చూస్తే, 3.84 లక్షల కిలోమీటర్ల దూరాన చంద్రుడు సెకనుకు ఒక కిలోమీటరు చొప్పున 27 రోజులకు పైగా తీసుకుంటాడు. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒక చుట్టుకు భూమి ఒకసారి తన చుట్టూ తాను తిరిగేంత సమయం పడుతుంది. అందుకే భూమధ్యరేఖ మీదుగా ఆ ఎత్తున ఉన్న టీవీ ఉపగ్రహం మనకు కదలనట్టే ఉంటుంది, డాబా మీది డిష్ హాయిగా నిలబడుతుంది. పొలాలను, చెరువులను ఫొటో తీయాలంటే అంత దూరం పనికిరాదు. కిందికి దిగాలి. ఆ పని చేసే ఇస్రో రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల 817 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టుకు 101 నిమిషాలే. వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు. నేల వివరంగా కనిపించాలంటే వేగాన్ని కూడా భరించాలి.

షాద్‌నగర్ యంత్రం పుట్టింది ఆ వేగాన్ని అందుకోవడానికే. ఇప్పటి సెంటర్‌కు పాత రూపమైన, 1974లో ఏర్పడిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలను నేరుగా అందుకోవడానికి 1979లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ చోట కేంద్రం పెట్టింది. తొమ్మిదేళ్లకు మన సొంత ఉపగ్రహం వచ్చింది. 1988 మార్చి 17న సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి ఎగిరిన ఐఆర్‌ఎస్-1ఎ, 904 కిలోమీటర్ల ఎత్తున 103 నిమిషాలకో చుట్టు తిరుగుతూ 22 రోజులకోసారి అదే నేలను మళ్లీ చూసేది.

అర డిగ్రీ వేట

యాంటెన్నా పని దగ్గరగా చూద్దాం. ఉపగ్రహం ఏ నిమిషానికి ఏ దిక్కున పైకి వస్తుందో ముందే లెక్క కట్టి ఉంటుంది. డిష్ ఆ దిక్కుకు తిరిగి ఎదురుచూస్తుంది. సిగ్నల్ తగలగానే వేట మొదలు. చిత్రాలు వచ్చే ఎక్స్-బ్యాండ్ తరంగం పొడవు నాలుగు సెంటీమీటర్ల లోపు. ఆ తరంగానికి 7.5 మీటర్ల డిష్ చూపు డిగ్రీలో మూడో వంతు మేరకే పరుచుకుంటుంది. నడినెత్తిన పోయే ఉపగ్రహమేమో సెకనుకు అర డిగ్రీ, అంటే నిండు చంద్రుడి వెడల్పంత, జరుగుతుంది. డిష్ ఒక్క సెకను ఆగినా చిత్రం పోయినట్టే. అందుకే సిగ్నల్ చూపు నడుమ నుంచి ఏ పక్కకు జారుతోందో డిష్‌లో సిగ్నల్ అందుకునే ఫీడ్ క్షణక్షణం పసిగట్టి మోటార్లకు చెబుతుంది. మోటార్లు అటు సర్దుకుంటాయి.

ఇందులో ఒక చిక్కుంది. మామూలు డిష్‌కు రెండు ఇరుసులు. ఒకటి చుట్టూ తిప్పుతుంది, రెండోది పైకెత్తుతుంది. ఉపగ్రహం సరిగ్గా నడినెత్తి మీదుగా పోతే, చూపు నిట్టనిలువుగా ఉన్న ఆ క్షణంలో డిష్ చుట్టూ సగం తిరిగిపోవాలి. టన్నుల బరువున్న యంత్రం అంత వేగంగా తిరగలేదు. ఉపగ్రహం అతి దగ్గరగా, చిత్రాలు అందుకోవడానికి అనువుగా ఉన్నప్పుడే చూపు తప్పుతుందన్నమాట. ఇక్కడి 7.5 మీటర్ల యాంటెన్నాల్లో దీనికి మందు మూడో ఇరుసు. డిష్ మొత్తాన్ని కాస్త పక్కకు వాల్చి పెడితే, నడినెత్తి దారి దానికి నడినెత్తి దారిలా ఉండదు.

తొలినాళ్లలో అందిన సమాచారం టేపుల మీదికెక్కి, బండిలో హైదరాబాద్ బాలానగర్‌కు వెళ్లి, అక్కడ చిత్రంగా మారేది. ఉపగ్రహం సుమారు వంద నిమిషాల్లో భూమిని చుట్టి వస్తుంటే నేల మీది పనికి రోజులు పట్టేది. 2011లో ఐమ్జియోస్ అనే ఏర్పాటుతో అందుకోవడం, నిల్వ, చిత్రాల తయారీ అంతా షాద్‌నగర్‌లోనే ఒకచోటికి వచ్చాయి. రోజుకు పద్నాలుగు చుట్లు తిరిగే ఉపగ్రహం మన ఆకాశంలోకి వచ్చేది కొన్ని చుట్లలోనే. ధ్రువాల దగ్గర మాత్రం దారులన్నీ దగ్గరపడతాయి. 2013లో అంటార్కిటికాలోని భారతి స్థావరంలోనూ యాంటెన్నా పెట్టింది అందుకే.

నడుము ఉబ్బు, 43 వికళలు

భూమి నిఖార్సైన గోళం కాదు. ధ్రువాల వైపు కన్నా భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బు లాగుడుకు ఉపగ్రహ కక్ష్యాతలం మెల్లగా పక్కకు తిరుగుతుంది. ఇంజినీర్లు ఈ వంకరను వాడుకున్నారు. కక్ష్యను 98.7 డిగ్రీల వాలులో పెడితే ఆ తిరుగుడు రోజుకు ఒక డిగ్రీ లోపు, ఏడాదికి సరిగ్గా ఒక చుట్టు. దాంతో రిసోర్స్‌శాట్ ఎప్పుడొచ్చినా ఉదయం పదిన్నర ప్రాంతంలోనే వస్తుంది. ఎండ పడే వేళ మారదు కనుక, పోయినేడు పత్తి చేను చిత్రాన్నీ ఈ ఏడు చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

బుధుడి కక్ష్యలోనూ తిరుగుడుంది, అయితే అది వేరే రకం. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువే మెల్లగా ముందుకు జరుగుతుంటుంది. మిగతా గ్రహాల లాగుడునంతా లెక్కలో వేసినా కొంత మిగిలిపోతోందని 1859లో ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే గుర్తించాడు. తర్వాత మరో ఖగోళవేత్త న్యూకూంబ్ ఆ మిగులు శతాబ్దానికి 43 వికళలని సరిచేశాడు. వికళ అంటే డిగ్రీలో 3,600వ వంతు. సూర్యుడికి ఇంకా దగ్గరగా వల్కన్ అనే గ్రహం ఉందనుకుని సంపూర్ణ గ్రహణాల వేళ వెతికారు, దొరకలేదు. సూర్యుడి నడుమూ ఉబ్బి ఉందేమోనని అనుమానించారు, చాలినంత ఉబ్బు కనిపించలేదు. 1915 నవంబర్‌లో ఐన్‌స్టీన్ తన కొత్త గురుత్వ సిద్ధాంతంతో లెక్క కడితే సరిగ్గా ఆ 43 వచ్చాయి.

ఇలాంటి మిగులు ఉపగ్రహాలకూ ఉంటుంది. ఆ ఎత్తులోనూ పలచటి గాలి ఉంది. దాని రాపిడికి ఉపగ్రహం కాస్త కిందికి దిగుతుంది. దిగితే దూరం తగ్గి, కెప్లర్ చెప్పినట్టే వేగం పెరుగుతుంది. అడ్డుపడే గాలి వల్ల అది ఆలస్యంగా కాదు, ముందుగా వస్తుంది. సూర్యుడు చెలరేగిన రోజుల్లో పై వాతావరణం ఉబ్బి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే బెంగళూరులోని ఇస్రో ట్రాకింగ్ కేంద్రం ఇస్ట్రాక్ కక్ష్యను మళ్లీ మళ్లీ కొలిచి, యాంటెన్నాలు ఎటు చూడాలో కొత్త అంకెలు ఇస్తుంటుంది. కెప్లర్ కూడా అంగారకుడి లెక్కలో మిగిలిన 8 కళల తేడాను, అంటే డిగ్రీలో దాదాపు ఏడో వంతును, కొలిచినవాడి పొరపాటని కొట్టిపారేయలేదు. ఖగోళవేత్త టైకో బ్రాహే తీసిన ఆ కొలతలను నమ్మి, గుండ్రటి కక్ష్యనే వదిలేశాడు. గ్రహాల దారి కోలగా ఉంటుందని మనకు తెలిసింది అలాగే.