వసారాలో సముద్రం: ముందు నీటిని పెంచాలి, తర్వాతే చేపలను

మొగల్తూరు: పేరుపాలెం తీరానికి దగ్గరలో ఉన్న గ్రామం అది. రాత్రిపూట సముద్రపు హోరు ఇళ్లలోకి వినిపిస్తుంటుంది. అటువంటి ఊళ్లో ఒక యువకుడు తన ఇంటి వసారాలో గాజు తొట్టె కట్టించి, అందులో సముద్రపు చేపలను పెంచుతానంటే ఊరివారు నవ్వారు. ఇప్పుడు సాయంత్రమైతే పిల్లలతోపాటు పెద్దలు కూడా ఆ తొట్టె ముందు గుమికూడుతున్నారు.

ఆ యువకుడు రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్. పేరు వేయవద్దని కోరాడు. తొట్టె నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. 200 లీటర్లకు పైగా ఉప్పునీరు పడుతుంది. నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపలు రెండు, నీలిరంగు డాంసెల్ చేపలు మూడు అందులో తిరుగుతున్నాయి. చూడడానికి ముచ్చటగానే ఉంది. కాని దీని వెనుక ఒక నష్టం కథ కూడా ఉంది.

వారం తిరగకుండా...

2022 ఆగస్టులో అతను మొదటిసారి తొట్టె పెట్టాడు. సముద్రం పక్కనే ఉండగా నీటికేం కరువని డబ్బాలతో తీరం నుంచి నీరు మోయించాడు. అవి గోదావరికి వరదలు వచ్చిన రోజులు. వరదల కాలంలో నదులు కలిసేచోట సముద్రపు నీటిలో ఉప్పు బాగా తగ్గిపోతుంది, బురద కూడా ఉంటుంది. పైగా నీరు పోసిన రోజునే చేపలను వదిలాడు. వారం తిరగకుండా అన్నీ చచ్చి పైకి తేలాయి. చెరువు గట్టు మీద రైతులకు రోజూ చెప్పే మాటనే ఇంటి దగ్గర మరిచిపోయానని అతని విచారం.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అదంతా వంట ఉప్పు కాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా అందులో కలిసి ఉంటాయి. అందుచేత కిరాణా కొట్టు ఉప్పు కలిపితే ఉప్పునీరవుతుందే గాని సముద్రపు నీరు కాదు. రెండోసారి అతను అక్వేరియం దుకాణాలలో అమ్మే సముద్ర లవణాల మిశ్రమాన్ని తెచ్చి ఆర్.ఓ. నీటిలో కలిపాడు. 200 లీటర్లకు సుమారు 7 కిలోలు పట్టింది. చెరువు దగ్గర సెలినిటీ చూసే పరికరంతోనే ఇక్కడా కొలిచాడు.

నెలన్నర ఖాళీ తొట్టె

నీరు కలిపాక కూడా చేపలు వేయలేదు. అడుగున కుండపెంకులు, సిరామిక్ రింగులు పేర్చి, రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తూ వచ్చాడు. ఆ మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. చేపకు అది విషం. పెంకుల మీద పెరిగే ఒక రకం బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరొక రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల అంత హాని లేదు. వారం వారం కొంత నీరు మారిస్తే అది అదుపులో ఉంటుంది. ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. చేపల్లేని తొట్టెకు కరెంటు ఖర్చెందుకని ఇంట్లోవారే విసుక్కున్నారట. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చిన తర్వాతే చేపలు తెచ్చాడు.

ఆపైన రోజూ పని ఉంటుంది. ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి తగ్గినంత మేరకు మంచినీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే రోజురోజుకూ ఉప్పు పెరిగిపోతుంది. వేసవిలో నీటి మీదుగా ఫ్యాను తిప్పితే కొంత చల్లబడుతుంది. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉండి తీరాలి. చెరువులో తప్పు జరిగితే దిద్దుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది, తొట్టెలో ఆ వ్యవధి ఉండదు.

పగడాల జోలికి పోరాదు

విదేశాలలో ఇటువంటి తొట్టెలలో బతికున్న పగడాలను కూడా పెంచుతారు. ఆ వీడియోలు చూసి మోజు పడేవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు. ఒక వ్యాపారి ఈ యువకునికి కూడా పగడపు ముక్కలు తెచ్చిపెడతానన్నాడు. ఇతను వద్దన్నాడు. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. వాటిని సముద్రం నుంచి తీసినా, అమ్మినా నేరమే. 3 నుంచి 7 సంవత్సరాల జైలు శిక్ష పడవచ్చు.

చట్టం సంగతి అలా ఉంచినా, పగడం రాయి కాదు, ప్రాణి. దాని కణాలలో ఉండే సూక్ష్మమైన నాచు వెలుతురుతో ఆహారం చేసి దానికి పెడుతుంది. నీరు మామూలుకంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 1998, 2010, 2016 సంవత్సరాలలో లక్షద్వీప్‌లో పగడపు దిబ్బలు ఇలా తెల్లబడి దెబ్బతిన్నాయి. సముద్రంలోనే నిలవలేకపోతున్న దానిని తెచ్చి వసారాలో పెట్టడం ఏం న్యాయం?

చేపల విషయంలో వేరే దారి ఉంది. క్లౌన్ చేపలను హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించారు. ఈ సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. కొనేవారు హేచరీలో పుట్టిన చేపలా, సముద్రంలో పట్టినవా అని అడిగి తీసుకోవడం మంచిది.

ఈ మధ్య అతని తొట్టెలోని క్లౌన్ చేపల జత ఒక కుండపెంకు మీద గుడ్లు పెట్టింది. మగచేప వారం రోజులు రెక్కలతో విసురుతూ వాటిని కాపాడింది. ఒక రాత్రి పిల్లలు బయటికి వచ్చాయి. వాటి నోటికి పట్టేంత సన్నని మేత సిద్ధంగా లేక ఒక్కటీ దక్కలేదు. ఇప్పుడు ఆ వసారాలో తొట్టె పక్కనే ఆకుపచ్చని నీళ్లతో నాలుగు సీసాలు కనిపిస్తున్నాయి. వాటిలో ఆ పిల్లలకు మేతయ్యే రోటిఫర్లు పెరుగుతున్నాయి. ఈసారి కూడా మేత ముందు, పిల్లలు తర్వాత అంటున్నాడతను.