తామరకి చుట్టాలెవరు?

మన కవులు తామరని సూర్యుడికి, కలువని చంద్రుడికి అంటగట్టారు గానీ ఉంచింది మాత్రం ఒకే కొలనులో. వృక్షశాస్త్రజ్ఞులూ చాలాకాలం ఈ రెండింటినీ ఒకే గూట్లో పెట్టారు. నీళ్ళమీద గుండ్రటి ఆకులు, బురదలో దుంప, పెద్ద పువ్వు, ఇంకేం కావాలి? అందుకే, మా ఆఫీసు పార్కింగ్ లాట్ పక్కన బెరడు పెచ్చులూడుతూ నిలబడే సికమోర్ చెట్టు తామరకి దగ్గర చుట్టమని చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

తప్పేమీ లేదు. 1993లో మార్క్ ఛేజ్, మరికొందరు శాస్త్రజ్ఞులు కలిసి 499 విత్తన మొక్కల్లో ఆర్‌బిసిఎల్ అనే ఒకే జన్యువుని పోల్చి చూశారు. ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకోవడానికి వాడే ఎంజైముకి సంబంధించిన జన్యువది. సుమారు 1,400 అక్షరాలు. మన భాషలో చెప్పాలంటే, ఒకే సోర్స్ ఫైలుని 499 మంది కాపీ చేసుకుని కోట్ల ఏళ్ళుగా మార్చుకుంటూ పోయారు. వెర్షన్ హిస్టరీ లేదు. తేడాలు చూసి ఏది ఎక్కడ చీలిందో చెప్పాలి. పది మొక్కలకే 20,27,025 రకాల వంశవృక్షాలు గీయొచ్చు. 499కి అన్నీ వెతకడం అయ్యే పని కాదు. దొరికిన చెట్టు కొమ్మల్ని అటూ ఇటూ మార్చి, తక్కువ మార్పులతో లెక్క సరిపోతుందేమో చూడాల్సిందే.

తర్వాత వేరే జన్యువులు కలిపి చూసినా తామర సికమోర్ గుంపులోనే ఉంది. నిజానికి ఆధారం ముందే ఉంది: తామర పుప్పొడి రేణువు మీద మూడు గాళ్ళుంటాయి, సికమోర్‌కీ అంతే. కలువకి ఉండవు.

అయితే డేటా పెరిగితే నిజం దానంతటదే తేలుతుందా? 2003లో ఒక బృందం ఏకంగా 61 జన్యువులు తీసుకుంది, కానీ కొద్ది మొక్కల నుంచే. ఏకదళబీజాల తరఫున వరి, గోధుమ, మొక్కజొన్న లాంటి గడ్డిజాతులే ఉన్నాయి. పూలమొక్కల్లో మొదట విడిపోయింది గడ్డేనని లెక్క తేలింది! గడ్డి డి.ఎన్.ఏ. వేగంగా మారుతుంది. ఉన్నవి నాలుగే అక్షరాలు కాబట్టి, బాగా మారినవాటి మధ్య కాకతాళీయంగా పోలికలు వస్తాయి. ఇలాంటప్పుడు డేటా పెంచితే తప్పు మరింత బలపడుతుందని ఫెల్సెన్‌స్టైన్ 1978లోనే చూపించాడు.

2004లో మరో బృందం ఆ పట్టికలో ఇంకొక్క ఏకదళబీజ మొక్కని చేర్చింది. పిల్లలకి మాటలు రావాలని మనవాళ్ళు నాకించే వస ఉంది చూశారూ, ఆ జాతిదే. దాంతో గడ్డి తన చోటికి వెళ్ళిపోయింది. న్యూ కేలడోనియా దీవిలో పెరిగే ఆంబొరెల్లా, దానితోపాటు మన కలువ, మళ్ళీ చెట్టు మొదట్లోకి వచ్చి కూర్చున్నాయి.