డిస్క్ చెరిగిపోదు, ధైర్యంగా చూడండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ప్రాసెసర్ పాతదైపోయి విండోస్ 11కు మారలేని కంప్యూటర్లు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. లినక్స్ వేసి చూద్దామా అనిపిస్తుంది. కానీ ఇన్‌స్టాల్ చేస్తుండగా ‘డిస్క్ మొత్తం చెరిపేయమంటారా?’ అన్న ప్రశ్న ఎదురవగానే చెయ్యి ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి దాచుకున్న ఫొటోలూ ఫైళ్ళూ అందులోనే ఉన్నాయి మరి! ఆ ప్రశ్నకు నిశ్చింతగా ‘సరే’ అనగలిగే చోటు ఒకటుంది. అదే వర్చువల్ మెషీన్.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రం మీద సర్వాధికారం తనదే అనుకునే ప్రోగ్రాం. మెమరీ ఎవరికెంత, ప్రాసెసర్ ఎవరికి ఎంతసేపు, డిస్క్ మీద ఎక్కడ ఏం రాయాలి... అన్నీ అదే తేలుస్తుంది. ఇలాంటి పెత్తందార్లు ఇద్దరు ఒకే యంత్రంలో ఇమడాలంటే మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి పేరు హైపర్‌వైజర్. కొత్త సిస్టమ్‌కు అది ఒక నకిలీ యంత్రాన్ని, అంటే వర్చువల్ మెషీన్‌ను చూపిస్తుంది. లెక్కలు, పోలికలు లాంటి మామూలు పనులన్నీ నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. యంత్రాన్ని శాసించే ఆదేశం వచ్చినప్పుడు మాత్రం ప్రాసెసర్ దాన్ని అక్కడే ఆపి హైపర్‌వైజర్‌కు అప్పగిస్తుంది. హైపర్‌వైజర్ ఆ ఆదేశాన్ని నకిలీ యంత్రం వరకే అమలు చేసి, ‘అయింది’ అని జవాబిస్తుంది. లోపలున్న సిస్టమ్ అది నమ్మి ముందుకు సాగుతుంది.

ఈ ఉపాయం పర్సనల్ కంప్యూటర్ కంటే పాతది. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం శాస్త్రవేత్తలు తయారుచేసిన సీపీ-40 అనే సిస్టమ్ 1967 నాటికే ఒక పెద్ద కంప్యూటర్‌ను 14 విడి యంత్రాలుగా చూపించేది. మన ఇళ్ళకు ఇది ఆలస్యంగా రావడానికి కారణం ఇంటెల్ ప్రాసెసర్ల తీరు. యంత్రాన్ని శాసించే ఆదేశం ఏదైనా అధికారం లేని ప్రోగ్రాం నుంచి వస్తే ప్రాసెసర్ అడ్డుకుని కబురు చెయ్యాలి. పెంటియం ప్రాసెసర్‌లో 17 ఆదేశాలు అలా పట్టుబడవని 2000లో ఒక అధ్యయనం తేల్చింది. వాటిలో కొన్నింటిని అది చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఏం జరిగిందో తెలియకపోతే మధ్యవర్తి ఇంకేం చేస్తాడు? ఆ అధ్యయనానికి ముందే, 1999లో వీఎంవేర్ కంపెనీ దీనికి విరుగుడు తెచ్చింది. లోపలి సిస్టమ్ నడుస్తూ ఉండగానే దాని కోడ్‌లోని అలాంటి ఆదేశాలను ఏరి, వాటి స్థానంలో సురక్షితమైనవి పెట్టింది. తర్వాత ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో అలాంటి ఆదేశాలను పట్టుకునే సౌకర్యాన్ని ప్రాసెసర్‌లోనే కల్పించాయి.

మీ కంప్యూటర్‌లో వర్చువలైజేషన్ అనే ఆ సౌకర్యం పనిచేస్తోందో లేదో విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సీపీయూ కింద చూడండి. వర్చువలైజేషన్ ‘డిసేబుల్డ్’ అని ఉంటే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. తర్వాత ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ అనే హైపర్‌వైజర్, లినక్స్ మింట్ ఇన్‌స్టాలేషన్ (ఐఎస్ఓ) ఫైలు దించుకుంటే చాలు. వర్చువల్‌బాక్స్‌లో తయారుచేసే కొత్త యంత్రానికి 4 జీబీ మెమరీ, 25 జీబీ డిస్క్ కేటాయించండి. కంప్యూటర్‌లో మొత్తం మెమరీ కనీసం 8 జీబీ లేకపోతే రెండు సిస్టమ్‌లూ నత్తనడక నడుస్తాయి.

ఆ 25 జీబీ డిస్క్ నిజానికి మీ విండోస్‌లో ఒక ఫైలు. లోపల ఎంత రాస్తే ఆ ఫైలు అంతే పెరుగుతుంది. ఇన్‌స్టాలర్ చెరిపేది దాన్నే. స్నాప్‌షాట్ అనే సదుపాయం ఇంకా గొప్పది. అది తీసిన క్షణం నుంచి జరిగే మార్పులన్నీ విడి ఫైలులోకి పోతాయి, పాత ఫైలు చెక్కుచెదరదు. సిస్టమ్‌ను ఎంత చెడగొట్టినా మళ్ళీ ఆ క్షణానికి వెనక్కి వెళ్ళవచ్చు. కాబట్టి తెగించి ప్రయత్నించండి. తెలుగు ఒత్తులు సరిగ్గా కనిపిస్తున్నాయా, మీకు అలవాటైన ఇన్‌స్క్రిప్ట్ లేదా ఆర్‌టీఎస్ కీబోర్డు దొరుకుతోందా, ఆఫీసు ఫైళ్ళు కుదురుగా తెరుచుకుంటున్నాయా అన్నవి ముందు చూడండి.

అయితే ఈ పరీక్షకు ఒక హద్దుంది. లోపలి సిస్టమ్ చూసేది నకిలీ యంత్రాన్ని. దానికి మీ ల్యాప్‌టాప్ వైఫై చిప్ కనిపించదు, మామూలు నెట్‌వర్క్ కార్డు ఒకటి కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు సంగతీ అంతే. వర్చువల్ మెషీన్‌లో నెట్ చక్కగా వచ్చినంత మాత్రాన రేపు అసలు యంత్రంలో వైఫై పనిచేస్తుందన్న భరోసా లేదు. అలాగే ఈ గోడ దుర్భేద్యమూ కాదు. చాలా హైపర్‌వైజర్లలో వాడే ఒక నకిలీ ఫ్లాపీ డ్రైవ్ కోడ్‌లో 2015లో వెనమ్ అనే లోపం బయటపడింది. దాని ద్వారా లోపలి ప్రోగ్రాం బయటి యంత్రంలోకి చొరబడే వీలుండేది. షేర్డ్ ఫోల్డర్ ఇచ్చారంటే మీరే తలుపు తీసినట్టు. అందులోని ఫైళ్ళు లోపలి నుంచి చెరిపితే నిజంగానే పోతాయి.

కాబట్టి రెండు మెట్లుగా వెళ్ళండి. సిస్టమ్ మీకు నచ్చుతుందో లేదో వర్చువల్ మెషీన్‌లో తేల్చుకోండి. మీ యంత్రానికి సరిపడుతుందో లేదో ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి తేల్చుకోండి. రెండింటిలోనూ నెగ్గితే, మీ ఫైళ్ళన్నిటికీ ఇంకో డిస్క్‌లో కాపీ తీసుకున్నాకే అసలు ఇన్‌స్టాలేషన్‌కు దిగండి.