కొండవాలు గరుసు నేల: రాళ్ళే దానికి రక్ష

సోలాపూర్ నగరంలో సాఖర్ పేట, దాజీ పేట మొదలుకొని విణకర్ వసాహత్ వరకు గల నేతపని వాడలలో నివసించే తెలుగు కుటుంబాలకు మురుం అనే మాట కొత్త కాదు. ఇల్లు కట్టదలచినవారు, మగ్గాల షెడ్డు వేయదలచినవారు ముందుగా నల్లమట్టిని తవ్వించి, ఆ చోట మురుం పోయించి దిమ్మిస కొట్టిస్తారు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని గోడలను పగులగొడుతుంది; మురుం కదలదు. తెలుగు పల్లెలలో మొరం అన్నా, మరాఠీలో మురూం అన్నా మాట ఒక్కటే. అయితే ఆ మురుం ఎక్కడిది, అది పోయిన చోట నేల గతి ఏమి అన్న ఆలోచన మనలో చాలామందికి కలుగదు. సరిహద్దు గ్రామాలలో కొండవాలున ఎకరమో రెండెకరాలో గల కుటుంబాలకు ఈ ఆలోచన అవసరం. "రాళ్ళ నేల, దేనికీ పనికిరాదు" అని దానిని టిప్పర్ల లెక్కన అమ్ముకొనేవారు ఉన్నారు. రాళ్ళన్నీ ఏరివేసి చేను బాగుపడిందనుకొనేవారూ ఉన్నారు. ఈ రెండు పనులవల్లా నష్టపోయేది ఆ నేలే.

కోజాగరి పున్నమికి సోలాపూర్ నుండి తుల్జాపూర్‌కు కాలినడకన వెళ్ళేవారు ఘాట్ ఎక్కేటప్పుడు, రోడ్డు కోసం కోసిన గట్టును గమనిస్తే ఈ నేల పుట్టుక తెలుస్తుంది. అడుగున నల్లని గట్టి రాయి. దానిపై గడ్డపారతో పొడిస్తే రాలిపడే మెత్తరాయి, అదే మురుం. ఆపైన జానెడో మూరెడో మందాన రాళ్ళు కలిసిన బంకమట్టి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భం నుండి ఉబికివచ్చిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టగా ఈ నల్లరాయి ఏర్పడింది. దీనినే బసాల్టు అంటారు. ఎండకు, వానకు, చెట్ల వేళ్ళకు ఈ రాయి చివికి మురుం అవుతుంది. మురుం మరింత చివికి బంకమట్టి అవుతుంది. ఒక అంగుళం మట్టి ఏర్పడడానికి వందల ఏళ్ళు పడుతుంది.

చదును నేలలో ఈ మట్టి ఉన్నచోటనే పేరుకొని లోతైన రేగడి అవుతుంది. వాలున అట్లా కాదు. సన్నని మట్టిని వాననీరు క్రిందికి మోసుకొనిపోతుంది. బరువైన రాళ్ళు మిగిలిపోతాయి. బాలాఘాట్ కొండల వాలులలో గరుసు నేల, దిగువన సీనా, భీమా నదుల మైదానంలో లోతైన రేగడి ఉండడానికి కారణం ఇదే. మంగళవేఢా జొన్నకు పేరు తెచ్చిన నల్లభూమి ఐశ్వర్యంలో ఎగువ వాలుల నుండి కొట్టుకొచ్చిన మట్టికి కూడా పాలు ఉన్నది.

ఇక వాన సంగతి. సోలాపూర్ జిల్లాలో ఏటా కురిసేది సుమారు 500 నుండి 600 మిల్లీమీటర్లు. అదికూడా సమంగా కురవదు. నాలుగు పెద్ద వానలలోనే చాలాభాగం వచ్చిపడుతుంది. మట్టిలోని సున్నాన్ని పూర్తిగా కడిగివేయడానికి ఆ వాన చాలదు. కనుక త్రవ్వినప్పుడు తెల్లని సున్నపు గడ్డలు కనబడతాయి. సున్నం హెచ్చుగా ఉన్నచోట మొక్కకు ఇనుము అందక, లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి తక్కినదంతా పసుపుబారుతుంది. దానిని తెగులని భ్రమించి మందులు చల్లడం వృథా.

తెలంగాణ నుండి వచ్చిన మన పెద్దలు ఎరిగినది వేరొక నేల. పాలమూరు, నల్గొండ ప్రాంతాల ఎర్ర చెలకలు ఎక్కువగా గ్రానైటు రాయి నుండి పుట్టినవి. వాటిలో ఇసుక ఎక్కువ, బంక తక్కువ. నీరు త్వరగా ఇంకి త్వరగా ఆరిపోతుంది. ఇక్కడి గరుసు నేలలో రాళ్ళ నడుమ ఉన్నది ఉబ్బే బంకమట్టి. తడిస్తే నాగలికి అంటుకొంటుంది, ఆరితే గట్టిపడి నెరియలు విచ్చుకొంటుంది. ఎక్కువ తడిలోనూ, పూర్తిగా ఆరిన తరువాతనూ దున్నరాదు. మధ్యలో దొరికే కొద్దిరోజుల పదునే దీనికి అదను.

రాళ్ళు చేసే హాని ఎంతో, మేలు ఎంతో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చును. మీ చేనిలో పది డబ్బాల మట్టిని తవ్వి, ఎండబెట్టి, గడ్డలు చిదిపి జల్లెడ పట్టండి. నాలుగు డబ్బాల రాళ్ళు వచ్చినవనుకొందాం. రాళ్ళు లేని బంకమట్టి ఒక మీటరు లోతున పైరుకు అందగల నీటిని సుమారు 150 మిల్లీమీటర్లు నిలుపుతుంది. మన వాలు చేనిలో మట్టి లోతు 30 సెంటీమీటర్లే అయితే ఆ నీరు 45 మిల్లీమీటర్లు. అందులో పదింట నాలుగు పాళ్ళు రాళ్ళే గనుక మిగిలేది 27 మిల్లీమీటర్లు. ఎదిగే పైరు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు త్రాగితే అది అయిదారు రోజులకు సరిపోతుంది. వానకు వానకు నడుమ రెండు మూడు వారాల ఎడం ఇక్కడ సాధారణం. లోతైన రేగడిలో పండే యాసంగి జొన్న ఈ వాలులో ఎందుకు ఎండిపోతుందో దీనివల్ల స్పష్టమవుతుంది.

అయితే రాళ్ళన్నీ ఏరివేస్తే లోతు పెరుగుతుందా? పెరుగదు. పైన పరచుకొన్న రాళ్ళు వానచినుకు దెబ్బను తాము కాచుకొని మట్టిని చెదరనీయవు. పారే నీటి వేగాన్ని తగ్గిస్తాయి. ఎండకు తేమ ఆవిరి కాకుండా కప్పుగా ఉంటాయి. వాటిని తీసివేసిన ఏడు పెద్ద వాన వస్తే, చినుకుల దెబ్బకు బంకమట్టి పైపొర మూసుకొనిపోయి నీరు ఇంకక, మట్టితో సహా వాగులో కలుస్తుంది. కనుక నాగలికి, గుంటకకు అడ్డువచ్చే పెద్ద రాళ్ళను మాత్రమే తీయాలి. వాటిని చేను బయట పారవేయక, వాలుకు అడ్డంగా ఒకే మట్టాన వరుసగా పేర్చాలి. దున్నడం, విత్తడం కూడా వాలుకు అడ్డంగానే సాగాలి.

మెట్టసేద్యంపై సోలాపూర్‌లో 1933 నుండి పరిశోధన జరుగుతున్నది. 1972 కరువు కాలంలో వేలాదిమంది కూలీలు గట్లు, చెరువుల పనులు చేసిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. గట్ల విషయంలో నేల భేదం తప్పక గమనించాలి. లోతైన రేగడిలో మట్టిగట్టు వెనుక నీరు నిలిచి పైరు కుళ్ళుతుంది. ఎండకు గట్టే నెర్రెలిచ్చి తెగుతుంది. నీరు తేలికగా ఇంకే మురుం నేలలో గట్టు చక్కగా పనిచేస్తుంది. మరీ నిటారు వాలున సేద్యమే తగదు. అక్కడ గడ్డిని పెరగనీయాలి. నాన్నజ్ వద్ద బట్టమేక పక్షి కోసం 1979లో ప్రకటించిన అభయారణ్యంలోని గడ్డిభూములు ఇటువంటి పలుచని రాతినేలలే. ఓ మాదిరి వాలున ఉలవలు, సజ్జ, ఆముదం, బొబ్బర వంటివి తగినవి. సీతాఫలం, రేగు చెట్ల వేళ్ళు మురుం సందులలోకి దిగి అక్కడి తేమను అందుకొంటాయి.

చివరిగా మురుం అమ్మకం గురించి ఒక మాట. దీనిని తవ్వడానికి తహసీల్ కార్యాలయం అనుమతి ఉండాలి. లేకున్న జరిమానా తప్పదు. అనుమతి దొరికినా, అమ్మేది మురుం ఒక్కటే కాదని గుర్తుంచుకోవాలి. మురుం తీయాలంటే ముందు పైమట్టి పోవాలి. ఆ తరువాత మిగిలేది గట్టి రాయి. దానిపై గడ్డి సైతం మొలవదు. వాననీరు ఇంకక దిగువ బావులకు ఊట తగ్గుతుంది. టిప్పరు డబ్బు ఒక పెండ్లికో ఒక అప్పుకో సరిపోవచ్చును. ఆ మట్టి మాత్రం మనుమల కాలానికి కూడా తిరిగిరాదు. అమ్మే ముందు ఇంటిల్లిపాది కూర్చొని ఈ లెక్క కూడా వేసుకోవడం మంచిది.